తెరిపి చెప్పే పెట్టె

3,981వ పొద్దు

చినుకులు నిమిషానికి 51.

నిన్న 54, మొన్న 58. తగ్గుతున్నాయి. పేటలో అందరూ సంతోషంగా ఉన్నారు. నేను మాత్రం అంకె తగ్గినకొద్దీ మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతున్నాను.

ఈ పుస్తకంలో అంకె తప్ప మరేమీ రాయకూడదని సన్నాసి తాత చెప్పాడు. నాకంటే ముందు చినుకులు లెక్కపెట్టిన మనిషి ఆయన. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే, ఈ పుస్తకం రాయడానికి ఎన్ని కావాలో అన్నే. ఆయన పోయి పదమూడేళ్లు. ఇవాళ ఆయన మాట దాటుతున్నాను. అంకె పక్కన నా భయం కూడా రాసి పెట్టకపోతే రేపు చదివేవాళ్లకు అంకె ఒక్కటే కనబడుతుంది. పోయినసారి అలాగే జరిగింది.

పోయిన తెరిపి నాటి నుంచి ఇది 3,981వ పొద్దు. మా అంచుపేటలో రోజులు అలాగే లెక్కపెడతాం. నాకు ఇంకో లెక్క కూడా ఉంది. నా పెద్దకూతురు రవణమ్మ పోయి 3,970 పొద్దులు.

3,983వ పొద్దు

49.

జావ కాచి, పిల్లల దుప్పట్లు దులిపి, పెట్టె దగ్గర కూర్చున్నాను. పెట్టె నీళ్లగదిలో పొయ్యి పక్క అరమీద ఉంటుంది. టిక్కు టిక్కుమంటుంది. ఒక్కో టిక్కు ఒక్కో చినుకు. నీటి చినుకు కాదు. చుక్కల అవతలి నుంచి వచ్చి మంచులోంచి, ఇనుములోంచి, మనిషిలోంచి దూరిపోయే కంటికి కనబడని రవ్వ. ఆ వాన ఎముకల్లో మెల్లగా పుండు పెడుతుంది. అందుకే నలభై ముగ్గురమూ గోడల నిండా నీళ్లు నింపిన ఈ ఒక్క గదిలో పడుకుంటాం.

సూర్యుడు ఇక్కడికి ఒక చుక్క, మిగతా చుక్కలకంటే కొంచెం పెద్దది. ఆయన నెమ్మదిగా ఉన్న ఏళ్లలో మాకు వాన జోరు. ఆయనకు పూనకం వచ్చిన ఏడు ఆయన ఊదే గాలి ఆ వానను వెనక్కి నెడుతుంది. అదే తెరిపి. పదకొండేళ్లకోసారి వస్తుంది. కబురు ఒక పూటలో అందుతుంది గానీ గాలి రావడానికి ఏడాది పడుతుంది. పోయిన ఏడు లోపలి పేటల నుంచి కబురు వచ్చింది. సూర్యుడు వరసగా మూడుసార్లు కక్కాడట. ఆ మూడు గాలులూ తోవలో ఒకదాన్నొకటి అందుకుని ఒకే గోడలా వస్తున్నాయట. ఆ గోడ ఇప్పుడు మా గుమ్మం దాకా వచ్చింది.

అంకె నలభై కిందికి దిగిన రోజు నేను తలుపు దగ్గర నిలబడి "తెరిపి ఇచ్చింది, ఎల్లండి" అనాలి. లెక్కపెట్టే మనిషి ఆ మాట అనందే ఎవరూ బయట అడుగు పెట్టకూడదు. మాట అన్నాక ముందు వెళ్లే మనిషి బయటి చొక్కాకు చివరి పట్టీ నా చేత్తో బిగించాలి. ఆరుగురు వెళ్లి, తొమ్మిది గంటలు మంచుమీద ఉండి, కొలిమి నుంచి పేటకు వేడి తెచ్చే గొట్టానికి కొత్త కీళ్లు వేసి వస్తారు. మళ్లీ పదకొండేళ్లు బతుకుతాం.

పోయినసారి ముందు వెళ్లింది రవణమ్మ. పట్టీ బిగించింది నేను. ఈసారి ముందు వెళ్లేది నా చిన్నకూతురు పైడమ్మ.

3,984వ పొద్దు

48.

పైడమ్మ వచ్చి నా పక్కన చతికిలబడింది.

"ఏటే అమ్మా, పొద్దస్తమానం ఆ పెట్టి కాడే కూకుంటావు? అదేటి, నీకు రెండో పెళ్లికొడుకా?"

"నువ్వెల్లకే పైడీ. ఈసారికి ఇంకెవుల్నైనా ఎల్లమను."

"ఎవుల్ని? తవుణ్ణా? ఆడు కీలు బిగించమంటే ఏలు బిగించుకుంటాడు."

తవుడు పైడమ్మ చేసుకోబోయేవాడు. పొయ్యికి అవతల పక్క కూర్చుని జావ జుర్రుకుంటున్నాడు. "నా ఏలు నాకు తెలుసులే. అత్తా, ఆ రోజు నీ గుంటని నాను కట్టి మోసుకొస్తాను, నువ్వు బెంగెట్టుకోకు" అన్నాడు.

నవ్వారు ఇద్దరూ. నేనూ నవ్వబోయాను, రాలేదు. రవణమ్మ కూడా ఆ రోజు నవ్వుతూనే వెళ్లింది, నవ్వుతూనే వచ్చింది. వచ్చి రెండు గిన్నెల జావ తాగింది. గంట తర్వాత అదంతా కక్కింది. నాలుగో రోజుకు చిగుళ్లనుంచి నెత్తురు. ఏడో రోజుకు జుట్టు తలగడమీదే ఉండిపోయింది. పదకొండో రోజు పోయింది. దానితో వెళ్లినవాళ్లలో ఇంకొకడు కూడా పోయాడు. పాత కీలు విప్పినప్పుడు గొట్టంలోంచి వచ్చిన ఆవిరి చొక్కా అతుకుల్లోంచి దూరిందన్నారు. ఈసారికి చొక్కాల అతుకులన్నీ కొత్తగా వేశారు.

దాని చివరి పట్టీ ఈ పదకొండేళ్లూ నా నడుముకే కట్టుకుని ఉన్నాను.

3,987వ పొద్దు

46.

పాత పుస్తకాలు తీశాను. పోయిన తెరిపిలో నేను రాసినవి: 42, 40, 39, 39, తెరిపి. అంతే. సాఫీగా దిగిపోయింది.

అంతకు ముందరి తెరిపి సన్నాసి తాత చేతి రాత. ఆయన అంకెలు మొదటి నుంచీ నావాటికంటే పెద్దవి. తెరిపి ముందు ఇలా ఉన్నాయి: 58, 90, 160, 240. పక్కన రెండు ముక్కలు రాశాడు. "పెట్టె ఏడుస్తోంది. తలుపు మూసేశాను." తర్వాత 230, 110. ఆ తర్వాత 47, తెరిపి. ఆ ఏడు వెళ్లిన ఆరుగురూ ముసలివాళ్లయ్యేదాకా బతికారు.

అంకె తప్ప ఏమీ రాయొద్దన్న మనిషి ఆ ఒక్క రోజు రాశాడు. నాకు చెప్పకుండానే పోయాడు. లేకపోతే చెప్పాడేమో, నేను వినలేదేమో.

పెట్టె అదే. సూర్యుడూ ఆయనే. తాతకు ఏడ్చిన పెట్టె నాకెందుకు ఏడవలేదు?

3,989వ పొద్దు

45.

పుస్తకం పట్టుకెళ్లి దాలినాయుడు బావను అడిగాను. పేట పెద్ద ఆయనే. గొట్టం కీళ్లకు బంక నూరుతున్నాడు. తలెత్తకుండానే, "అప్పుడు పెట్టి బయట గుంజకుండేది కదే. సలికి దానికి పిచ్చెక్కి అరిసుంటాది" అన్నాడు.

నా చేతిలో పుస్తకం జారి కింద పడింది. ఆయన అది చూసి, "ఏటైంది, కళ్లు తిరుగుతున్నాయేటి? కూకో" అన్నాడు. నేను కూర్చోలేదు.

నిజమే. పెట్టె ఒకప్పుడు బయట ఉండేది. తలుపుకు పది అడుగుల దూరంలో ఇనప గుంజకు తగిలించి ఉండేది. అక్కణ్ణించి ఒక తీగ, బయటి తలుపుకూ లోపలి తలుపుకూ మధ్యనున్న తలుపుగదిలోని బూరకు వచ్చేది; టిక్కులు అక్కడ వినబడేవి. తలుపు తెరిచినప్పుడల్లా మా ఊపిరి ఆవిరి వెళ్లి పెట్టెమీద మంచుపొరగా పేరుకునేది, పెట్టె బిగుసుకుపోయేది. తాత రోజూ బయటి చొక్కా వేసుకుని వెళ్లి దాన్ని గీకి వచ్చేవాడు.

తాత పోయాక ఆ పని నాకొచ్చింది. రెండు నెలలు చేశాను. అప్పటికే నాకు మోకాళ్ల నొప్పులు. నాయుడు బావను బతిమాలి పెట్టెను లోపలికి తెప్పించుకున్నాను. "పెట్టికీ ఎచ్చగుంటాది, నీకూ ఎచ్చగుంటాది" అని ఆయనే తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు.

నీళ్లగదిలో. వాన పడకుండా కట్టుకున్న గదిలో, వాన కొలిచే పెట్టెను పెట్టుకున్నాం.

3,990వ పొద్దు

45.

పొద్దున తలుపుగది ఊడ్చాను. చీపురు ముందు దుమ్ము పోగవుతూ పోతోంది. చీపురు వెనక నేల శుభ్రం. చూస్తూ అలాగే నిలబడిపోయాను.

సూర్యుడి గాలి కూడా ఊడ్చుకుంటూనే కదా వస్తోంది. వెనక తెరిపే, నిజమే. మరి ముందు? పెద్ద చినుకులను అది దూరంనుంచే అటు నెట్టేస్తుంది, అందుకే లోపల అంకె తగ్గుతుంది. చిన్నవాటిని మాత్రం తన ముందు పోగేసుకుంటూ వస్తుంది. నీళ్ల గోడ చిన్నవాటిని ఆపేస్తుంది, కాబట్టి నా పెట్టెకు అవి తెలియవు. బయటి చొక్కా ఒక్కటే కట్టుకున్న మనిషికి తెలుస్తాయి.

నాకు చదువు లేదు. ఇది తప్పైతే బాగుండును. తప్పైతే నా బిడ్డను ఆవిరి చంపింది. తప్పు కాకపోతే?

3,992వ పొద్దు

నీళ్లగదిలో 44. తలుపుగదిలో 53.

పెట్టెను ఎవరూ కదపకూడదు. అందరూ బంక నూరే పనిలో ఉండగా చీరచెంగులో చుట్టి తలుపుగదికి తీసుకెళ్లాను. అక్కడ నీళ్లు లేవు, పలచటి ఇనప గోడ. లెక్కపెట్టి మళ్లీ తెచ్చి పెట్టేశాను.

తొమ్మిది తేడా. తొమ్మిది ఎక్కువో తక్కువో నాకు తెలియదు. అడగడానికి తాత లేడు.

3,994వ పొద్దు

42. తలుపుగదిలో 61.

3,996వ పొద్దు

41. తలుపుగదిలో 79.

లోపల దిగుతోంది, గుమ్మం దగ్గర ఎక్కుతోంది. రెండూ ఒకే పెట్టె, ఒకే పూట. తిరిగి తెస్తుంటే నాయుడు బావ ఎదురయ్యాడు. చెంగు లాగి చూశాడు.

"నీకేమైనా మతి పోయిందేటి? పెట్టి పాడైపోతే తెరిపెవులు సెప్తారు, నువ్వా నీ మోకాళ్లా?"

అక్కడే అంతా చెప్పాను. తాత అంకెలు, చీపురు, డెబ్బై తొమ్మిది. ఆయన విన్నాడు, అది మాత్రం నిజం. కోపం తగ్గి జాలిగా చూశాడు. ఆ చూపుకే నాకు ఎక్కువ భయమేసింది.

"అప్పలకొండా, నీ పిల్ల పోయింది ఆవిరికి. అందరం సూసినాం."

"ఆవిరికైతే జుట్టెందుకు ఊడింది బావా?"

ఆయన పెట్టెకోసం చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"మూడు రోజులాగు. తాత మూడు రోజులు తలుపు మూసినాడు. పెట్టి గుంజకి కట్టు, ఏడుపు ఆగినాక నానే పంపిస్తాను."

"గొట్టం మూడు రోజులాగుతాదా? ఎల్లి దాన్నడుగు" అని పెట్టె నా చేతుల్లోంచి తీసుకుని, అర మీద పెట్టి, తాడుతో కట్టేశాడు.

3,999వ పొద్దు

40.

కీలు పగిలింది. వేడి సగమే వస్తోంది. నీళ్లగది ఈశాన్యం మూల గోడ లోపల నీళ్లు గడ్డకట్టడం మొదలైంది. టపటపమని చప్పుడు. పిల్లలను పొయ్యి చుట్టూ చేర్చాం. చిన్న గుంటడు ఒకడు "పెట్టెమ్మా, తెరిపెప్పుడు?" అని నన్నే అడిగాడు. వాళ్లకు నేను పెట్టెమ్మను.

4,000వ పొద్దు

39.

అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. నేను ఆ మాట అనలేదు.

నాయుడు బావ ఒకసారి అడిగాడు, రెండోసారి అడిగాడు. మూడోసారి నన్నడగలేదు. "పైడమ్మా, నీ తల్లి తర్వాత పెట్టి నీదే. నువ్వు సెప్పు" అన్నాడు.

పైడమ్మ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది.

"అమ్మా, అక్క మీద బెంగతో అంటన్నావో, నిజంగానే అంటన్నావో నాకు తెల్డం నేదు. పిల్లల కాళ్లు సూసినావా? నీలంగా అయిపోతన్నాయి."

"మూడు రోజులే. నాను కడుపున కాసుకుంటాను ఆళ్లని."

"నలుగుర్ని కాస్తావు. మిగతావోళ్లని?"

అది లేచి నిలబడింది. "తెరిపి ఇచ్చింది. రేపు పొద్దున్న ఎల్దాం" అంది. చెబుతున్నప్పుడు దాని గొంతు అచ్చం రవణమ్మ గొంతే.

4,001వ పొద్దు

ఇది నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. వరస తప్పకూడదని ఆ రోజు కిందే రాస్తున్నాను.

అందరికంటే ముందే లేచాను. తాడు కోసి పెట్టె తీసుకున్నాను. బయటి చొక్కా వేసుకుని, రవణ పట్టీ దాని పైనుంచి నడుముకు కట్టుకున్నాను. చివరి పట్టీ ఒకళ్లు బిగించాలి, ఎవరూ లేరు, పళ్లతో లాగి బిగించి తల తొడుగు పెట్టుకున్నాను. పదమూడేళ్ల తర్వాత బయటికి వెళ్లాను. ఆకాశం నల్లగా, చప్పుడు లేకుండా, నోరు తెరుచుకుని ఉన్నట్టుంది. వెనక్కి పరుగెత్తాలనిపించింది. మోకాళ్లు పట్టేసి రెండుసార్లు పడ్డాను. పెట్టెను మాత్రం పడనివ్వలేదు.

బయట చెవికి చప్పుడుండదు. గుంజకు తగిలించి, పెట్టెమీద చెయ్యి వేశాను. లోపల ఉన్నప్పుడు టిక్కు, ఆగి ఇంకో టిక్కు, అలా చేతికి తగిలేది. ఇప్పుడు టిక్కులు లేవు. పెట్టె మొత్తం జ్వరం వచ్చిన పిల్లలా వణుకుతోంది, ఆగకుండా. చెయ్యి తీసేశాను. మళ్లీ వేశాను. మొదటిసారి వేసినప్పుడు అనుమానం, రెండోసారికి తెలిసిపోయింది. నా రవణ తొమ్మిది గంటలు దీనిలో నిలబడి పనిచేసింది. నేను పట్టీ బిగించి పంపిస్తే వెళ్లింది.

బూర తీగ గుంజకే వేలాడుతోంది, దాన్ని పట్టి ఉంచే కొక్కెం విరిగిపోయింది. తీగను పెట్టెకు ఆనించి రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను. వదిలితే బూర ఆగిపోతుంది. ఆగిపోతే పాత బూర, పాడైంది అనుకుని వచ్చేస్తారు. తలుపుగదిలోకి వాళ్లింకా రాలేదు. పట్టుకునే ఉన్నాను. చేతులు తిమ్మిరెక్కాయి. గాలి ఊడ్చుకొచ్చిన ఈ దుమ్మంతా ఇప్పుడు నాలోంచే పోతోందని తెలుసు. కళ్లు మూసుకుంటే చీకట్లో మెరుపు రవ్వలు కనబడుతున్నాయి. తెరిస్తే ఆ నలుపు. రెంటిలో ఏది మేలో తెలియక మూస్తూ తెరుస్తూ ఉన్నాను.

రెండు గంటలు అలాగే గడిచిందని తర్వాత చెప్పారు.

మొదట తవుడి గొంతు వినబడింది, తొడుగులోని మాటల గొట్టంలో. "ఇదేటి, బూర పందిలా అరుస్తోంది?" తర్వాత నాయుడు బావ: "అప్పలకొండా! లోపలికి రా ముందు! రా!" నేను తీగ వదల్లేదు. లోపల బూర అరుస్తూనే ఉండి ఉంటుంది.

అప్పుడు పైడమ్మ అంది. "పట్టీలిప్పేయండి. తలుపు మూసేస్తన్నాను. అమ్మొచ్చినాక ఇంకెవులూ తియ్యకండి."

అప్పుడు వదిలాను చేతులు. నడుముకున్న రవణ పట్టీ విప్పి తీగను పెట్టెకు చుట్టి కట్టాను. వాళ్లు నమ్మారు కాబట్టి ఆ కాసేపు బూర ఆగినా ఫరవాలేదు. కట్టాక మళ్లీ అరిచిందట.

4,002వ పొద్దు

బూర అరుస్తోంది. లెక్కపెట్టలేం. నా వేళ్లు ఇంకా తిమ్మిరి, నేను చెబితే పైడమ్మ రాసింది.

4,003వ పొద్దు

అరుస్తోంది. గోడ ఇంకొంచెం గడ్డకట్టింది. పొయ్యిలోకి బల్లలు విరిచి వేస్తున్నాం. నలభై ముగ్గురమూ ఒకే కుప్పగా పడుకుంటున్నాం. నాయుడు బావ రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. ఇవాళ తన దుప్పటి తెచ్చి నా మోకాళ్లమీద కప్పి వెళ్లాడు. నేను చెబితే పైడమ్మ రాసింది.

4,005వ పొద్దు

బయట గుంజ దగ్గర 46.

పైడమ్మ గీకి వచ్చి మరీ చూసింది, మంచు పట్టడంవల్ల తగ్గిన అంకె కాదు. బూర ఆగి ఆగి టిక్కుమంటోంది. నలభై లోపలి లెక్క; బయట తాతకు 47, నాకు 46.

అయినా ఇంకోసారి లెక్కపెట్టాను. ఆరుగురూ చొక్కాలు వేసుకుని నిలబడ్డారు. పిల్లల దగ్గు వినబడుతోంది. నాకు తెలియనిది ఇంకేమైనా ఉందేమో. తాతకూ తెలియనిది. పదకొండేళ్ల తర్వాత ఎవరో చీపురు చూస్తే తెలిసేది.

"సెప్పమ్మా" అంది పైడమ్మ. "నువ్వు సెప్తేనే ఎల్తాను."

"తెరిపి ఇచ్చింది. ఎల్లండి" అన్నాను.

చివరి పట్టీ బిగించాను. నా వేళ్లకు పట్టు లేదు, తవుడు తన చెయ్యి నా చేతిమీద వేసి లాగాడు. "అత్తా, ఏలు బిగించేస్తన్నావు" అన్నాడు. తలుపు మూసుకుంది. తొమ్మిది గంటలు బూర కింద కూర్చున్నాను. ఒక్కో టిక్కుకూ ఉలిక్కిపడ్డాను.

ఆరుగురూ వచ్చారు. గొట్టం వేడెక్కింది.

కొత్త తెరిపి నుంచి 4వ పొద్దు

44.

రోజూ పొద్దున పైడమ్మ చేత నోరు తెరిపించి చిగుళ్లు చూస్తున్నాను. "ఇంకెన్నాళ్లే?" అని విసుక్కుంటుంది. పదకొండు రోజులు దాటేదాకా అన్నాను. ఇవాళ నాలుగు. ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి.

తర్వాత అది నా నోరు చూస్తానంది. నేను తెరవలేదు. తలగడ మీద నా జుట్టు అది లేవకముందే ఏరి పొయ్యిలో వేస్తున్నాను. దానికి తెలుసనుకుంటాను. నిన్నటినుంచి పొయ్యి దగ్గరికి నాకంటే ముందే వచ్చి కూర్చుంటోంది.

భయంగా ఉంది. లేదని రాయను.

ఇక్కడినుంచి పైడమ్మ రాస్తుంది. మళ్లీ తెరిపి వచ్చేనాటికి దానికీ మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి, మా వంశంలో ఉన్నదే. అందుకని ఇది తనకూ, తన తర్వాత వచ్చేవాళ్లకూ రాస్తున్నాను. పెట్టె బయటే ఉండాలి. లోపలికి తేకండి, ఎవరు బతిమాలినా తేకండి. మంచు పట్టి బిగుసుకుంటే వెళ్లి గీకండి. చలి అంటారా, మోకాళ్లంటారా, నాకూ ఉండేవి.